మార్తమ్మకు నేను నేర్పిన ప్రార్థన

సేవలోకి కొత్తగా వస్తున్నవాళ్ళు నన్ను అడిగేవి రెండే ప్రశ్నలు. ప్రసంగం ఎంతసేపు చెప్పాలి, జనాన్ని ఎట్లా నిలుపుకోవాలి. అంతకంటే ముందు అడగాల్సింది ఒకటుంది. దాన్ని ఎవరూ అడగరు, ఆ వయసులో నేనూ అడగలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

ముప్పై మూడేళ్ళు పాస్టరుగా పనిచేశాను. బొల్లాపల్లి వైపు మొదలుపెట్టి, మాచవరం, దుర్గి, గురజాల చుట్టుపక్కల పల్లెలన్నీ తిరిగి, నిరుడు నరసరావుపేటలో రిటైరయ్యాను. ఎక్కడ ఎన్నేళ్ళున్నాను, ఏ మందిరానికి స్లాబు వేయించాను, ఎంతమందికి బాప్తిస్మమిచ్చాను అన్నది రాయను. అవన్నీ రిజిస్టర్లలో ఉన్నాయి. వాటిని చూసి మురిసిపోయే వయసు నాకు దాటిపోయింది.

ఈ పని అసలు ఏమిటంటే, ఇళ్ళకు వెళ్ళడం. ఆదివారం ప్రసంగం అందరికీ కనపడుతుంది కాబట్టి అదే పని అనుకుంటారు. మిగతా ఆరు రోజులూ ఇళ్ళే. ఇంట్లో ఉన్న ఒక్క ప్లాస్టిక్ కుర్చీ మనకు వేస్తారు, ఇంటాయన గోడకానుకుని నిలబడతాడు. టీవీ ఆపుతారు. సీరియల్ మధ్యలో ఆగిపోయినందుకు లోపలి గదిలో ఎవరో గొణుక్కుంటారు. మిరపకోతలప్పుడు ఇళ్ళల్లో ఎవరూ దొరకరు, చేనుగట్టుకే వెళ్ళాలి. గేదె చూడి నిలవడం లేదంటారు, కొడుకు తాగొస్తున్నాడంటారు, బోరులో నీళ్ళు పడలేదంటారు. విని, తలమీద చెయ్యిపెట్టి, ప్రార్థన చేసి లేస్తాం. రోజుకు ఐదారిళ్ళు.

ఐదారిళ్ళలోనూ నేను దేవునితో మాట్లాడినట్టే లెక్క. కానీ ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కునేటప్పుడు గుర్తు చేసుకుంటే, నా సొంత మాట ఒక్కటి కూడా ఆయనకు చెప్పి ఉండను. దేవుడు లేడనుకుని చెడిపోయే పాస్టర్లను నేను ఒకరిద్దరికంటే ఎక్కువ చూడలేదు. ఆయన గురించి పదిమందికి చెప్పీ చెప్పీ ఆయన్నే పోగొట్టుకున్నవాళ్ళను మాత్రం చాలామందిని చూశాను. వాళ్ళలో నేనొకణ్ణి. ఆయన దగ్గరికి మళ్ళీ వెళ్ళాలన్న బెంగ నాకు పదిహేనేళ్ళుగా ఉంది. ఆ బెంగ ఎట్లా మొదలైందో, దాంతోపాటు ఇంకొకామెకు నేను ఏం చేశానో చెప్తాను.

పత్తి చేలో

నాకు పంతొమ్మిదేళ్ళప్పుడు మా నాన్న కౌలుకు చేసిన రెండెకరాల పత్తి చేను ఉండేది. కలుపు తీసే పని నాది. అంతకు నెలరోజుల ముందే బాప్తిస్మం తీసుకున్నాను. ఆ రోజుల్లో నేను చేసిన ప్రార్థనకు పేరేమీ లేదు. చేలోకి దిగిన దగ్గర్నుంచీ ఆయనతో మాట్లాడుతూనే ఉండేవాణ్ణి. ఎండెక్కువగా ఉందని చెప్పేవాణ్ణి, మా అన్న నన్ను తిట్టాడని చెప్పేవాణ్ణి. ఏమీ చెప్పకుండా ఒక సాలు మొత్తం నడిచేవాణ్ణి, అదీ మాట్లాడినట్టే ఉండేది. మధ్యాహ్నం అందరూ గట్టుమీద కూచుని అన్నం తింటుంటే, గబగబా నాలుగు ముద్దలు మింగి మళ్ళీ చేలోకి పోయేవాణ్ణి. వీడికి పనంటే ఎంత ఇష్టమో అని మా నాన్న పొంగిపోయేవాడు. నాకు పనిమీద ఇష్టమేమీ లేదు. దేవునితో ఒంటరిగా ఉండాలని ఆరాటం.

ఆ ఆరాటమే నన్ను సేవలోకి తెచ్చింది. సేవలోకి వచ్చాక అది ఏమైపోయిందో చాలాకాలం నేను వెనక్కి తిరిగి చూసుకోలేదు.

పెద్ద అయ్యగారు

శిక్షణ అయ్యాక, నాకంటూ సంఘం ఇవ్వకముందు, రెండేళ్ళు నరసరావుపేటలో ఒక పెద్ద పాస్టరుగారి కింద పనిచేశాను. అందరూ ఆయన్ని పెద్ద అయ్యగారు అనేవాళ్ళు. మనిషి కోపిష్టి. టీ చల్లారితే ఒక కేక, కుర్చీలు వరస తప్పితే ఒక కేక. ఆయన దగ్గర పనిచేసినవాళ్ళెవరూ ఆయన గురించి తీయగా చెప్పరు, నేనూ చెప్పను.

కానీ రోజూ పొద్దున్నే ఆయన ఖాళీ మందిరంలోకి పోయి చివరి బెంచీమీద కూచునేవాడు. చేతిలో పుస్తకం ఉండదు, కాగితం ఉండదు. అరగంట, ఒక్కోసారి గంట. నిద్రపోతున్నాడేమోనని నా అనుమానం. ఒకరోజు ధైర్యం చేసి అడిగాను.

"లోపల ఏం చేస్తుంటారు అయ్యగారూ?"

"ఏం చేస్తానురా? ఆయన్ను చూట్టానికి పోతన్నా."

"ఏమన్నా అడుగుతారా?"

"చూట్టానికి పోయినోణ్ణి అడిగేదేందిరా అబ్బాయ్? నువ్వు మీ అమ్మ దగ్గిరికి పోతే అడిగేదానికే పోతావా?"

లోపల నవ్వుకున్నాను. పాతకాలం మనిషి, చదువు తక్కువ అనుకున్నాను. ఆ నెలలోనే నేను చేసిన మొదటి పెద్ద ప్రసంగం విని, బయటికొచ్చాక ఆయన నా భుజం తట్టాడు. "బాగా చెప్పావురా. ఆయన నీకు తెలిసినట్టే చెప్పావు" అన్నాడు. మెచ్చుకున్నాడనుకుని రెండ్రోజులు గాల్లో తేలాను. అది మెప్పు కాదని తెలియడానికి నాకు పద్దెనిమిదేళ్ళు పట్టింది.

మార్తమ్మ

మాచవరం అవతల ఒక ఊరికి నన్ను వేసినప్పుడు నాకు ముప్పై రెండేళ్ళు. శుక్రవారం పొద్దున పదిగంటలకు ఉపవాస కూడిక జరిగేది. పది పన్నెండు మంది ఆడవాళ్ళు, ముగ్గురు నలుగురు మగవాళ్ళు చాపలమీద గుండ్రంగా కూచునేవాళ్ళు. ఒకరి తర్వాత ఒకరు పైకి ప్రార్థన చేయాలి, అది ఆ సంఘంలో ఆనవాయితీ. ఒకరు చేస్తుంటే మిగతావాళ్ళు మధ్యమధ్యలో స్తోత్రం అంటారు.

మార్తమ్మ వంతు వస్తే స్తోత్రాలు ఆగిపోయి అందరూ వినేవాళ్ళు. ఆమె నాకంటే పదేళ్ళు పెద్ద. కూలికి మిరపకాయలు కోసేది. భర్త రాళ్ళ క్వారీలో పనికిపోయి నడుం దెబ్బ తగిలి మంచంలో ఉన్నాడు. ఆమె ప్రార్థన ఇట్లా ఉండేది:

"అయ్యా, వచ్చినావా? కూకో. పొద్దున్నించీ నీతో మాట్టాడదామంటే తీరికేదీ. మా ఆయన రాతిరి నిద్రపోలా, నీకు తెలుసు, నువ్వూ నాతోపాటే మేలుకొనే ఉన్నావుగా. మేస్త్రి నా సంచి తక్కువుందన్నాడు. నువ్వు చూశావుగా, నిండా కోశా. ఏందయ్యా, చూసి కూడా మాట్టాడకపోతే ఎట్టా? నీమీద నాకు కోపంగా ఉంది. సరే, కోపమైనా నిన్నిడిచి యాడికి పోతా. మా పాప పరీక్ష రాసింది, అది నువ్వే చూసుకో. ఇంకేందో చెప్పాలనుకున్నా, మర్చిపోయా. గుర్తొస్తే దారిలో చెప్తాలే."

అంతే. ముగింపు ఉండదు. చెంగుతో మొహం తుడుచుకుని పక్కామె వైపు చూసేది.

నిజం చెప్పాలంటే ఆమె ప్రార్థన చేస్తుంటే నాకు పత్తి చేను గుర్తొచ్చేది. అసూయగా కూడా ఉండేది. దాన్ని అసూయ అని నేను అప్పట్లో ఒప్పుకోలేదు, క్రమం లేదని పేరుపెట్టాను.

ఆ ఏడు మా వార్షిక కూడికలకు పట్టణం నుంచి ఒక ప్రసంగీకుడు వచ్చాడు. శుక్రవారం కూడికలో కూచున్నాడు. మార్తమ్మ "కూకో" అనగానే ఆయన పక్కుమన్నాడు. నోటికి రుమాలు అడ్డం పెట్టుకున్నా భుజాలు ఊగుతున్నాయి. భోజనాల దగ్గర నాతో, "మీ సంఘంలో దేవుడికి బాగానే మర్యాదలు జరుగుతున్నాయి బ్రదర్" అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. నా చదువు, నా శిక్షణ, అన్నీ ఆయన ముందు నవ్వులపాలయ్యాయనిపించింది. మార్తమ్మకు నేర్పాలని ఆ రోజే నిశ్చయించుకున్నాను.

వరసగా నాలుగు ఆదివారాలు ఆరాధన అయ్యాక ఆమెను మా ఇంటి వరండాలో కూచోబెట్టాను. ముందు స్తుతి, తర్వాత ఒప్పుకోలు, తర్వాత కృతజ్ఞత, ఆ తర్వాతే విన్నపం, చివర ముగింపు. స్తుతికి ఏ బిరుదులు వాడాలి, ఏ బిరుదు తర్వాత ఏది రావాలి. మహోన్నతుడు, సర్వాధికారి, సమీపింపరాని తేజస్సులో నివసించువాడు. చదువురాని మనిషి, పెదాలు కదుపుతూ బట్టీ పట్టింది. ఒక్కరోజు మానలేదు. నేర్పుతుంటే ఆమె కళ్ళల్లో భయం చూశాను, దాన్ని భక్తి అనుకున్నాను.

మా ఆవిడ కరుణ వంటింట్లోంచి అంతా వింటూ ఉండేది. నాలుగో ఆదివారం మార్తమ్మ వెళ్ళిపోయాక బయటికొచ్చింది.

"ఏవండీ, ఆమె పాటికి ఆమె ఆయనతో మాట్టాడుకుంటంటే మధ్యలో మీరెందుకు పోయారు?"

"నీకు తెలవదులే" అన్నాను.

తర్వాతి శుక్రవారం మార్తమ్మ ఎక్కడా తడబడకుండా ప్రార్థన చేసింది. స్తుతి నుంచి ముగింపు దాకా ఒక్క ముక్క తప్పలేదు. అందరూ ఆమేన్ అన్నారు. నా గుండె ఉప్పొంగింది. మూడు నెలలు అదే ప్రార్థన చేసింది, ప్రతివారం అదే. మంచంలో ఉన్న భర్త అందులో లేడు, మేస్త్రి లేడు, పాప లేదు. ఆ తర్వాత తన వంతు వచ్చినప్పుడు, "నాక్కూడా కలిపి మీరే చెయ్యండి అయ్యగారూ" అనడం మొదలుపెట్టింది. వయసు మీద పడుతోందిలే అనుకున్నాను. ఆమెకప్పుడు నలభై మూడేళ్ళు. ఎందుకు మానేశావని ఒక్కసారి కూడా అడగకుండానే అక్కణ్ణుంచి బదిలీ అయిపోయాను.

ఆసుపత్రి వరండా

పదిహేనేళ్ళ కిందట కరుణకు కడుపులో గడ్డకు గుంటూరులో ఆపరేషన్ చేశారు. గడ్డ ఏ రకందో తీసి పరీక్షకు పంపితేగాని చెప్పలేమన్నారు. ఆమెను లోపలికి తీసుకెళ్ళాక వరండాలో స్టీలు కుర్చీలో నేనొక్కణ్ణే కూచున్నాను. అట్లాంటి వరండాల్లో వేరేవాళ్ళ కోసం ఎన్నిసార్లు ప్రార్థన చేశానో లెక్కలేదు.

కళ్ళు మూసుకుని నోరు తెరిచాను. "మహోన్నతుడా, సర్వాధికారీ" అని వచ్చింది. గొంతు కూడా నాది కాదు, మైకు ముందు పెట్టే గొంతు. స్తుతి అయింది, ఒప్పుకోలు అయింది, కృతజ్ఞతకు వచ్చేసరికి నాకు నా మాటలు నాకే వినపడుతున్నాయి. పక్క కుర్చీలో ఒక ముసలాయన కళ్ళు మూసుకుని ఆమేన్ అంటున్నాడు. నేను ఆ ముసలాయన వినడం కోసం ప్రార్థన చేస్తున్నానని నాకప్పుడు అర్థమైంది. నా పెళ్ళాం కత్తి కింద పడుకుని ఉంటే, దేవుణ్ణి పట్టుకుని ఏడవడానికి నా దగ్గర ఒక్క మాట లేదు. మధ్యలో ఆపేశాను. ఆ తర్వాత రెండు గంటలు గోడను చూస్తూ కూచున్నాను.

గడ్డ ప్రమాదం కాదన్నారు. కరుణ లేచి తిరిగింది, ఇప్పటికీ నాకంటే గట్టిగా ఉంది. ఇంటికొచ్చిన వారానికి ఆ వరండా సంగతి ఆమెకు చెప్పాను. తిడుతుందనుకున్నాను. "మార్తమ్మకు కూడా ఇట్టాగే అయ్యుంటదండీ" అంది.

అప్పుడైనా నేను మాచవరం బస్సెక్కి ఉండాల్సింది. ఎక్కలేదు. సిగ్గు. చేసిన తప్పు చెప్పుకోవడానికి వెళ్తే అయ్యగారి స్థానం ఏమవుతుందోనని భయం. మరో పదమూడేళ్ళు పని చేస్తూనే పోయాను. కొత్తవాళ్ళకు ఈ సంగతి గట్టిగా చెప్పాలి: లోపల ఎండిపోయినా బయట ఎవరికీ తెలియదు. సంఘం కనిపెట్టదు. నా ప్రార్థనలు ఆ పదమూడేళ్ళల్లోనే బాగా పేరుపడ్డాయి. పెళ్ళిళ్ళకు, ప్రతిష్ఠలకు, ప్రార్థన చేయడానికే నన్ను పిలిచేవాళ్ళు. ఈమధ్య ఎకో పెట్టిన మైకులో ప్రార్థన చేసేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఆయనకు చెవుడని ఎవరు చెప్పారు? మళ్ళీ నాకే అనిపిస్తుంది, ఎకో లేకుండా నేను చేసిందీ అదేగా అని.

ఆ పదమూడేళ్ళూ పత్తి చేలో కుర్రాణ్ణి తలుచుకోవడానికే భయపడేవాణ్ణి. బస్సులో కిటికీ పక్కన కూచుని పత్తి చేలు కనపడితే మొహం ఇటు తిప్పుకునేవాణ్ణి. ఆయన మీద నమ్మకం ఎప్పుడూ పోలేదు. ఆయన కోసం బెంగ మాత్రం ఏ పనిలో పడ్డా తీరేది కాదు.

మాచవరం బస్సు

రిటైరయ్యాక పొద్దున్నే లేచి ఊరికే కూచోవడం మొదలుపెట్టాను. పెద్ద అయ్యగారి లాగా చేద్దామనుకున్నాను. ఆయనకు వచ్చింది నాకు రాలేదు. ఐదు నిమిషాలకల్లా నోట్లో ప్రసంగం తయారయ్యేది. చెప్పడానికి జనం లేకపోయినా మూడు పాయింట్లు వరసగా వచ్చి నిలబడేవి. రెండు నెలలు అట్లా గడిచాక కరుణ టిఫిను డబ్బా కట్టి చేతికిచ్చి, "పోయి రండి" అంది. ఎక్కడికని నేను అడగలేదు.

మార్తమ్మ ఊరి బయట మిరపకల్లంలో ఉంది. ఎండబోసిన కాయల్లో తెల్లబారిన తాలు కాయలు ఏరుతోంది. నడుం వంగిపోయింది. భర్త పోయి పన్నెండేళ్ళయిందట, అది కూడా నాకు తెలియదు. నన్ను గుర్తుపట్టి లేవబోయింది. వద్దని, కాయల పక్కన టార్పాలిన్ పట్టామీద కూచున్నాను. ఆ ఘాటుకు తుమ్ములు. ఆమె నవ్వింది.

"పేటకు పోయి మిరపకాయలు మర్చిపోయారా అయ్యగారూ?"

కాసేపు వాళ్ళ పాప సంగతులు, మనవళ్ళ సంగతులు చెప్పింది. తర్వాత నేను చెప్పాలనుకున్నది చెప్పేశాను. ఆ నాలుగు ఆదివారాలు నేను చేసింది తప్పని, పట్టణపాయన నవ్వాడని సిగ్గుపడి ఆమె నోరు కట్టేశానని, క్షమించమని.

"అయ్యో, అదేంది అయ్యగారూ. మీరు మంచికేగా నేర్పింది."

"ఇప్పుడు ప్రార్థన చేస్తన్నావా అక్కా?"

"రోజూ చేస్తన్నా. మీరు నేర్పింది మర్చిపోలా. ఒక్క ముక్క కూడా పోలా. చెప్పమంటారా?"

"వద్దు. ఆయనతో మాట్టాడతన్నావా అని అడుగుతున్నా."

చేతిలో కాయను అటూ ఇటూ తిప్పింది.

"మీరు చెప్పిందాకా నాకు తెలవదుగా, ఆయన అంత పెద్దోడని" అంది. "మా ఇంట్లో మనిషే అనుకున్నా. తెలిసినాక ఎట్టా మాట్టాడతా అయ్యగారూ? అంత పెద్దాయన దగ్గర కూలి సంగతీ సంచి సంగతీ ఏం చెప్తా? మా ఆయన పోయిన రోజు కూడా మీరు నేర్పిందే చెప్పా. ఏడుపు దాంట్లో యాడ పెట్టాలో నాకు తెలవలా."

నేను తలెత్తలేకపోయాను.

"బెంగగా ఉంటదయ్యగారూ. చానా బెంగగా ఉంటది. ఒంటరిగా కాయలు కోసేటప్పుడు నోటిదాకా వస్తది. మళ్ళా తప్పేమోనని మింగేస్తా."

"నాకూ అదే బెంగక్కా" అన్నాను.

ఆమె నావైపు తిరిగి, నమ్మలేనట్టు చూసింది. "మీరు అయ్యగారు గదా!"

"అయినా అంతే. నువ్వు పోగొట్టుకున్నది నావల్ల. నాది నేనే పోగొట్టుకున్నా. ఆయన నీ ఇంట్లో మనిషేనక్కా. పెద్దోడే, కానీ ఇంట్లో మనిషే. నీకు ముందు తెలిసిందే నిజం. నేను దాంట్లో సగం తీసేసి నేర్పా. ఇప్పుడు ఆయనతో నీ మాటలు నువ్వు మాట్టాడు."

"నావల్ల గాదు. ముందు మీరు."

కళ్ళు మూసుకున్నాను. అలవాటు చొప్పున ఛాతీ నిండా గాలి పీల్చి గొంతు సవరించుకున్నాను. ఆమె నా మోచేతిమీద చెయ్యి వేసి, "మెల్లిగా. కల్లంలో ఉన్నది మనిద్దరమేగా" అంది.

ఆ పీల్చిన గాలి ఊరికే బయటికి పోయింది. ఏ బిరుదూ రాలేదు. తర్వాత వచ్చిన మాటలు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను: "అయ్యా, నీ గురించి అందరికీ చెప్తా తిరిగాను. నీ దగ్గిరికి రాలేదు. నువ్వు లేకుండా నాకు బాగాలేదయ్యా. నువ్వు కావాలి." అంతకుమించి నా దగ్గర ఏమీ లేదు. అరవై దాటినవాణ్ణి, ఎండుమిరపకాయల పక్కన కూచుని ఏడ్చాను. ఆ రోజుతో అంతా తిరిగొచ్చిందని చెప్పను. ఇప్పటికీ కొన్ని పొద్దులు ఖాళీగానే లేస్తాను. కానీ ఖాళీగా ఉందని ఆయనకే చెప్తున్నాను.

కళ్ళు తెరిచి చూస్తే మార్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కల్లం అవతలికి చూస్తోంది. పెదాలు కదులుతున్నాయి. నేను నేర్పిన వరసలో మొదటి మాట పలికింది, అక్కడే ఆగిపోయింది. తర్వాత ఒక్కసారిగా తిట్టినట్టు అంది:

"నేను పిలవకపోతే, నువ్వన్నా పలకరియ్యకూడదా అయ్యా? మా ఆయన పోయినాడు. ఆరోజు నువ్వు యాడున్నావు? గుమ్మంలోనే ఉన్నావా? లోపలికి రావాలిగా! నేను రమ్మనలేదని బయటే నిలబడ్డావా, ఇన్నేళ్ళూ?"

ఏడుస్తూనే భర్త ఆఖరి రోజు సంగతి మొదలుపెట్టింది. మంచంలో మనిషి నీళ్ళడిగాడు, తను గ్లాసు తెచ్చేసరికి ఆలస్యమైపోయింది. తర్వాత పాప పెళ్ళి, ఇల్లు కురిసిన సంగతి, మోకాళ్ళ నొప్పి, మనవడికి వచ్చిన జ్వరం. ఇరవై తొమ్మిదేళ్ళ సంగతులు ఒకదాని వెంట ఒకటి ఆయనకు చెప్పుకుంటూ పోయింది. నేనున్నానన్న సంగతి ఆమెకు గుర్తులేదు. రోడ్డుమీద నేను ఎక్కాల్సిన నరసరావుపేట బస్సు హారన్ కొట్టింది. మళ్ళీ బస్సు సాయంత్రానికే. ఆమె ఇంకా పెద్ద మనవడి దగ్గరికే వచ్చింది, నేను లేవలేదు.